వీరులు కానివారికి రాయి



2025 ఏప్రిల్ 22న కాశ్మీరులో పహల్గాము దగ్గరి బైసరన్ మైదానములో 26 మందిని కాల్చి చంపిన తరువాత చాలా రోజులు అత్తిబెలెలోని మన తెలుగు ఇండ్లలో అదే మాట. చనిపోయినవారిలో బెంగళూరులో స్థిరపడి ఉద్యోగము చేసుకుంటున్న తెలుగువాడు ఉన్నాడు. విశాఖపట్నము నుంచి వెళ్లిన పెద్దాయన ఉన్నారు. ఒక క్రైస్తవుడు ఉన్నాడు. వచ్చినవారిని కాపాడబోయి తానే బలియైన స్థానిక ముస్లిము గుర్రపువాడు ఉన్నాడు. కొన్ని వారములకు, అక్కడ ఒక స్మారకము కట్టాలని జమ్మూ కాశ్మీరు ప్రభుత్వము నిర్ణయించినట్లు పత్రికలలో వచ్చినది. దాని మీద మన యౌవనస్థుల కూటములో ఒక ప్రశ్న లేచినది. ఉగ్రవాదుల చేతిలో చనిపోయినవారి కొరకు నలుగురు తిరిగే చోట శిల్పము నిలబెట్టడము సరియేనా? మన ఊరిలో ఎవరైనా అటువంటి ప్రయత్నము చేస్తే విశ్వాసులమైన మనము చందా ఇవ్వవచ్చునా?

ఒక పెద్ద పది ఆజ్ఞలను జ్ఞాపకము చేశారు. ఒక సహోదరి, ఆ డబ్బుతో విధవరాండ్రకు కుట్టు మిషన్లు కొనిపెట్టవచ్చు కదా అన్నారు. ఇంకొక తమ్ముడు లేచి, "సరిహద్దులో చనిపోయిన సైనికునికి విగ్రహము పెడుతున్నప్పుడు వీరికెందుకు పెట్టరాదు? వీరును అమరవీరులే కదా" అన్నాడు. మొదటి రెండు మాటలకు జవాబు దేవుని వాక్యములో వెదకవచ్చును. మమ్మును ఎక్కువ ఆలోచింపజేసినది ఈ మూడవ మాట. వీరును అమరవీరులేనా?

మనము కాపురమున్న ఈ ప్రాంతము జ్ఞాపకమును రాతి మీద చెక్కుకున్న ప్రాంతము. హోసూరు మొదలుకొని బేగూరు వరకు పొలము గట్ల మీద, చెరువు కట్టల మీద, పాత గుడుల ప్రక్కన వీరగల్లులు కనబడతాయి. మన పిల్లలు వాటిని దేవుళ్ల రాళ్లు అనుకుంటారు. ఒకసారి దగ్గరకు పోయి చూడండి. చాలావాటి మీద బొమ్మలు మూడు వరుసలుగా ఉంటాయి. క్రింద పోరాటము, వీరుని చేతిలో కత్తియో విల్లో. మధ్యలో అప్సరసలు అతనిని పైకి తీసుకుపోవడము. పైన అతడు తన దేవుని సన్నిధిని కూర్చుండడము. కొనన సూర్యుడు, చంద్రుడు. అవి ఉన్నంత కాలము ఇతని పేరు నిలువవలెనని అర్థము. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడినవాడు, దండు వస్తే ఎదిరించినవాడు, పులితో పెనుగులాడినవాడు, ఇటువంటివారికే ఆ రాయి. బేగూరు నాగేశ్వరాలయములో సుమారు క్రీ.శ. 890 నాటి శాసనము ఒకటి ఉన్నది. బెంగళూరు యుద్ధములో చనిపోయినవాని సంగతి అందులో ఉన్నది. బెంగళూరు అను పేరు కనబడే పాత వ్రాతలలో మొదటిది అదేనని చెబుతారు. ఇంత పెద్ద నగరము పేరు మనకు మొదట దొరికినది ఒక మృతుని రాతి మీద! ఇక మనవైపు పల్నాటివారికి కారెంపూడి వీరుల గుడి సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఈ రాళ్లన్నిటికీ ఒక నియమము ఉన్నది. చనిపోయినవానికి ఎంచుకునే క్షణము ఒకటి దొరికినది. అతడు ప్రక్కకు తప్పుకొనవచ్చును, తప్పుకొనలేదు. రాయి ఆ నిర్ణయమును గౌరవిస్తుంది. ముంబైలో 2008 నవంబరు 26 రాత్రి తుకారాం ఓంబ్లే అనే పోలీసు అధికారి చేతిలో తుపాకి లేకుండ హంతకుని తుపాకి గొట్టమును పట్టుకొని వదలలేదు. తూటాలు తగిలినా వదలలేదు. అందువలననే ఆ హంతకుడు ప్రాణముతో దొరికినాడు. గిర్గాం చౌపాటీలో ఓంబ్లేకు విగ్రహము పెట్టారు. అది ఈ కాలపు వీరగల్లు, తగినదే. బైసరన్‌లోని గుర్రపువానికి కూడ అటువంటి రాయి తగును.

మిగిలినవారి సంగతి వేరు. 2007 ఆగస్టు 25 సాయంకాలము హైదరాబాదులో కోఠి గోకుల్ చాట్ దగ్గర నిలబడినవారు చాట్ తినడానికి వచ్చినవారు. అదే సాయంకాలము లుంబినీ పార్కులో కూర్చున్నవారు లేజరు షో చూడడానికి వచ్చినవారు. వారిలో మహారాష్ట్రలోని సంగమనేరు నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు ఉన్నారు. రెండు చోట్ల కలిపి 42 మంది పోయారు. 2008 జూలై 25న బెంగళూరులో వరుసగా బాంబులు పేలినప్పుడు మన హోసూరు రోడ్డు మీదనే, మడివాళ బస్టాపులో ఒక స్త్రీ చనిపోయినది. అక్కడ బస్సు కొరకు నిలబడనివారు మనలో ఎవరు? ఆమె చేసినది అంతే, బస్సు కొరకు నిలబడినది.

వీరికి ఎంచుకునే క్షణము రాలేదు. దేనికొరకు చనిపోతున్నామో వారికి తెలియదు, ఎందుకంటే వారు దేనికొరకును చనిపోలేదు. అయినను సభలలో, పత్రికలలో "దేశము కొరకు ప్రాణములు అర్పించారు" అని వీరిని గూర్చి కూడ అంటారు. ఆ మాట అనేవారి మనస్సు మంచిదే. కాని బడిపిల్లలకు క్రియాపదములు నేర్పినవారము గనుక మాకు అక్కడ ముల్లు గుచ్చుకున్నట్లుంటుంది. ఇచ్చుట వేరు, పోగొట్టుకొనుట వేరు, దోచుకొనబడుట వేరు. వీరి ప్రాణములు దోచుకొనబడినవి. దోపిడిని అర్పణము అని వ్రాస్తే చనిపోయినవానికి లేని కీర్తి కొంత వస్తుంది నిజమే. దానితోపాటు దొంగ చేసిన పని కొంత మరుగునపడుతుంది. అర్పణము అన్న తరువాత అది ఏదో ఒక మంచికి జరిగినట్లే వినబడుతుంది గదా. చంపినవాడు కూడ సరిగ్గా అదే అనుకొనుచున్నాడు, ఈ చావులకు ఏదో పెద్ద ప్రయోజనము ఉన్నదని.

మన సంఘచరిత్రలో హతసాక్షులు ఉన్నారు. స్తెఫను తాను ఏమి చెబుతున్నాడో, దానికి ఏమి జరుగునో తెలిసి నోరు విప్పినాడు. హతసాక్షి అంటే చచ్చినవాడు అని మాత్రమే కాదు, సాక్ష్యము చెప్పినవాడు. హేరోదు చంపించిన బేత్లెహేము పసిబిడ్డలు ఏ సాక్ష్యమూ చెప్పలేదు. వారికి మాటలు కూడ రావు. తరువాతి కాలపు సంఘము వారిని హతసాక్షుల వరుసలో చేర్చినది గాని, మత్తయి సువార్తికుడు ఆ పని చేయలేదు. ఆ బిడ్డలను పొగడకుండ, వారి చావుకు ఒక అర్థము చెప్పకుండ, యిర్మీయా గ్రంథము నుంచి రాహేలు ఏడ్పును మాత్రము తెచ్చి అక్కడ పెట్టినాడు. ఆ తల్లి ఓదార్పు పొందనొల్లక యున్నది. సువార్తికుడు ఆమెను ఓదార్చే ప్రయత్నము కూడ చేయలేదు. ఇటువంటి చావులకు స్మారకము ఎట్లుండవలెనో తెలిసికొనగోరువారు మత్తయి రెండవ అధ్యాయము మరల చదవవలెను.

మన తెలుగు దేశములో ఇంకొక చిక్కు ఉన్నది. రాయి పెట్టేవాడు తన పక్షమువారికి పెడతాడు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారికి అక్కడ స్థూపము లేచినది, దానిని కూల్చివేశారు, మరల కట్టారు. తెలంగాణ పల్లెలలో విప్లవ పార్టీలవారు తమవారికి కట్టుకున్న ఎర్ర స్థూపములు మనలో చాలామంది చూచే యుంటారు. పోలీసులకు వారి అమరుల స్తంభము ఉన్నది, ప్రతి సంవత్సరము అక్టోబరు 21న అక్కడ గౌరవ వందనము జరుగుతుంది. మంచిది, ఎవరి మృతులను వారు ఏడ్వవలసినదే. అయితే 1990 అక్టోబరు 10న సికింద్రాబాదు దగ్గర చర్లపల్లిలో కాకతీయ రైలుకు నక్సలైట్లు నిప్పు పెట్టినప్పుడు 40 మందికి పైగా ప్రయాణికులు పెట్టెలో కాలిపోయారు. వారు ఏ పక్షము? టిక్కెట్టు కొన్న పక్షము. వారి కొరకు ఎర్ర జెండా వంగదు, తుపాకి తల వంచదు. పక్షము లేనివానికి రాయి ఎవరు పెడతారు అన్నదే ఈ ప్రశ్న అంతటిలోను కష్టమైన భాగము. సంఘమునకు ఇక్కడ పని ఉన్నదని మేము తలంచుట కూడ అందుకే. ఏ పక్షమునకును చెందని మృతులను తనవారిగా ఎంచుకొనుటకు సంఘము కంటె తగినవారు ఎవరు?

ప్రభువు దగ్గరకు కొందరు వచ్చి, పిలాతు కొందరు గలిలయులను వారు బలులు అర్పించుచుండగానే చంపించిన వార్త చెప్పిన సందర్భము లూకా 13వ అధ్యాయములో ఉన్నది. వచ్చినవారు ఏమి ఆశించారో మనము ఊహించవచ్చును. చనిపోయినవారు వీరులని ఆయన అనవలెను, లేదా పాపులని అనవలెను. ఆయన రెండును అనలేదు. అడుగకుండానే ఇంకొక సంగతి ఎత్తినారు, సిలోయములో గోపురము కూలి చనిపోయిన 18 మంది సంగతి. ఒకటి అధికారి కత్తి, మరొకటి తాపీపనివాని లోపమో, పునాది లోపమో. ఆ రెంటినీ ఒకే చోట పెట్టి, ఈ మృతులు మిగిలినవారికంటె ఎక్కువ పాపులు కారని చెప్పి, బ్రదికియున్నవారివైపు తిరిగి మారుమనస్సును గూర్చి మాటలాడినారు. ఆ 18 అను సంఖ్యను ఆయన జ్ఞాపకముంచుకున్నారని గమనించండి. ఊరిలో అందరూ మరచిపోయేటటువంటి వార్త అది.

మన అత్తిబెలెకు ఒక సిలోయము ఉన్నది. 2023 అక్టోబరు 7న, దీపావళికి ముందు, ఇక్కడి బాణసంచా దుకాణములో లారీ నుంచి సరుకు దించుచుండగా నిప్పు అంటుకున్నది. ఆ దినమే 14 మంది చనిపోయారు, తరువాత సంఖ్య ఇంకా పెరిగినది. చాలామంది తమిళనాడు నుంచి పండుగ సీజనులో నాలుగు రూపాయలు సంపాదించుకొనుటకు వచ్చిన కుర్రవాండ్లు. చదువుకుంటున్న పిల్లలు కూడ ఉన్నారు. పొట్ట చేతపట్టుకొని పొరుగు రాష్ట్రమునకు వచ్చుట అంటే ఏమిటో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. సరిగ్గా అదే దినము ఇశ్రాయేలు మీద దాడి జరిగి సుమారు 1,200 మంది హతులయ్యారు. ఆ తరువాత గాజాలో వేలకు వేలు, పసిబిడ్డలతో సహా. ఆ మరుసటి ఆదివారము మన సంఘములలో ఇశ్రాయేలు కొరకు ప్రార్థనలు జరిగినవి. జరుగవలసినదే. మన వీధి చివర కాలిపోయినవారి కొరకు ఎన్ని మందిరములలో జరిగినవో మీకే తెలియును.

దీనిని ఎందుకు ఎత్తుచున్నామంటే, ఉగ్రవాద మృతులకు మాత్రమే శిల్పము పెట్టి అజాగ్రత్త వలన చనిపోయినవారిని విడిచిపెడితే, మనము మృతులను కాక హంతకుని గొప్పతనమును కొలిచినట్లవుతుంది. పెద్ద శత్రువు చంపితే పెద్ద రాయి, గోదాము యజమాని అశ్రద్ధ చంపితే ఏమియు లేదు. రెంటికిని తేడా లేదని మేము అనము. పగతో చంపుట వేరు, అశ్రద్ధతో చంపుట వేరు, న్యాయస్థానము ఆ తేడా చూడవలెను. తల్లి దగ్గర ఆ తేడా ఎంతవరకు నిలుచును?

ఇక ఆజ్ఞను గూర్చి. నిర్గమకాండము 20వ అధ్యాయములో నిషేధింపబడినది ప్రతిమను చేసికొని దానికి సాగిలపడుట. ఆ ఆజ్ఞ ఇచ్చిన దేవుడే మందసము మీద కెరూబులను చేయించెను, అరణ్యములో ఇత్తడి సర్పమును చేయించెను. చెక్కుడు పనియే పాపమని చెప్పుటకు వీలులేదు. అయితే అదే ఇత్తడి సర్పమునకు తరువాతి తరములవారు ధూపము వేయుచుండగా హిజ్కియా రాజు దానిని ముక్కలు చేసెను. మోషే చేతి పని అని కూడ చూడలేదు. మన దేశములో ఈ ప్రమాదము ఊరికే చెప్పుట కాదు. ఇక్కడ విగ్రహము లేచిన దినమున దండ వేస్తారు, ఏడాదికి కొబ్బరికాయ కొడతారు, ఆ తరువాత చుట్టూ ఇనుప కంచె, ఎన్నికలు వస్తే దాని క్రిందనే సభ. అందుచేత, చనిపోయినవారి ముఖములతో మనుష్యరూపములు నిలబెట్టుటకు మేము ఒప్పుకొనము. మన పెద్దల భయము ఆ మట్టుకు న్యాయమే. ఆ భయముతో జ్ఞాపకపు రాయినే వద్దనుట మాత్రము యెహోషువ గిల్గాలులో నిలిపిన 12 రాళ్లను, సమూయేలు నిలిపిన ఎబెనెజరును వద్దనుటయే. బాప్తిస్టులమైన మనకు సహితము ఒంగోలు ప్రార్థన కొండ ఉన్నది. దానికి మనము మ్రొక్కము, పిల్లలకు మాత్రము చూపిస్తాము.

కుట్టు మిషన్ల సంగతి చెప్పిన సహోదరి మాట మాకు ప్రియమైనది. ఆమె స్వయముగా అట్టి పని చేయుచున్నవారు గనుక ఆ మాటకు బరువున్నది. కాని బేతనియలో ఒక స్త్రీ విలువైన అత్తరు ప్రభువు తలమీద పోసినప్పుడు, దీనిని అమ్మి బీదలకు ఇచ్చియుండవచ్చునని కొందరు సణిగినారు. లెక్క ప్రకారము వారి మాట సరియే. ప్రభువు మాత్రము ఆమెను తొందరపెట్టవద్దని, ఆమె చేసినది ఆమె జ్ఞాపకార్థముగా లోకమంతట చెప్పబడునని అన్నారు. జ్ఞాపకమునకు కూడ ఖర్చు ఉంటుంది. విధవరాలి పొయ్యి వెలుగకుండ పాలరాయి నిలబెడితే అది సిగ్గు. పొయ్యి వెలిగించిన తరువాత ఆమె భర్త పేరు ఎక్కడైనా వ్రాయించుట దుబారా కాదు. అడిగి చూడండి, ఆమెయే చెబుతుంది.

ముఖము లేకుండ శిల్పము ఎట్లు అని అడుగుదురు. ఇతర దేశములలో చేసి చూపించారు. అమెరికాలో ఓక్లహోమా నగరములో 1995 ఏప్రిల్ 19న ఆ దేశపువాడే ఒకడు లారీలో బాంబు పెట్టి ప్రభుత్వ భవనమును కూల్చినాడు. 168 మంది చనిపోయారు. అక్కడ ఇప్పుడు పచ్చిక మీద 168 ఖాళీ కుర్చీలు ఉన్నవి, ఒక్కొక్క దాని మీద ఒక పేరు. భవనములో ఎవరు ఏ అంతస్తులో ఉండిరో ఆ వరుసలో వారి కుర్చీ. వాటిలో 19 చిన్న కుర్చీలు, పిల్లలవి. బొమ్మ లేదు, కత్తి లేదు, అప్సరసలు లేరు. ఇంట్లో ఒకరు పోయిన తరువాత భోజనాల దగ్గర పీట ఖాళీగా ఉండుట చూచినవారికి ఆ కుర్చీలను ఎవరును వివరించనక్కరలేదు. వీధికి అవతల కతోలిక సంఘమువారు యేసు ఏడ్చుచున్నట్లు ఒక విగ్రహము పెట్టారు. చేతితో ముఖము కప్పుకొని, ఆ స్థలమునకు వీపు త్రిప్పి నిలబడియుంటారు. మనమైతే ఆ విగ్రహము పెట్టము. అయినను వీపు త్రిప్పి నిలబెట్టిన శిల్పికి లాజరు సమాధి దగ్గరి సంగతి తెలుసునని మాకు అనిపించినది.

1985 జూన్ 23న ఎయిరిండియా వారి కనిష్క విమానము ఐర్లాండు తీరము దగ్గర ఆకాశములోనే బాంబుతో పేలి సముద్రములో పడినది. 329 మంది. ఎక్కువమంది కెనడాలో స్థిరపడిన మన భారతీయ కుటుంబములవారే, సెలవులకు పిల్లలతో ఇంటికి వస్తున్నవారు. ఐర్లాండులో అహకిస్తా అనే చిన్న ఊరి సముద్రతీరమున మరుసటి సంవత్సరమే కెన్ థాంప్సన్ అనే శిల్పి చేత ఒక నీడగడియారము పెట్టించారు. మృతుల పేర్లు అక్కడ రాతి మీద ఉన్నవి. ప్రతి జూన్ 23న ఆ పల్లెటూరివారు బంధువులతోకూడ అక్కడ కూడుకుంటున్నారు. ఆ మృతులు వారికి బంధువులు కారు, వారి భాషవారు కారు, వారి మతమువారు కారు. వారి సముద్రములో పడినారు, అంతే. ఇంటికి ఎంతో దూరమున చనిపోయినవారిని దారిని పోవు సమరయుడు ఎత్తుకొన్నట్లు ఒక ఊరు ఎత్తుకొన్నది. వలస వచ్చిన మనకు ఇది ప్రత్యేకముగా తెలియవలసిన సంగతి అని మేము దీనిని కొంచెము విస్తరించి వ్రాసినాము.

న్యూయార్కులో 2001 సెప్టెంబరు 11న కూలిన రెండు గోపురముల చోట రెండు పెద్ద గుంటలలోనికి నీళ్లు పడుచుండును. చుట్టూ కంచు పలకల మీద పేర్లు. అక్షరక్రమములో కాదు, కలిసి పనిచేసినవారి పేర్లు, కలిసి ప్రయాణము చేసినవారి పేర్లు ప్రక్క ప్రక్కన ఉండేటట్లు బంధువులను అడిగి అమర్చినారు. ఎవరి పుట్టినరోజు అయితే ఆ పేరులో తెల్ల గులాబి గ్రుచ్చుతారు. చనిపోయిన దినమున కాదు, పుట్టిన దినమున! ఇది మాకు బాగా నచ్చినది. చనిపోయిన దినము హంతకుడు ఏర్పరచినది, పుట్టిన దినము దేవుడు ఇచ్చినది.

అదే నగరములో 2002లో ఎరిక్ ఫిషల్ అనే శిల్పి, ఆ భవనముల నుంచి క్రిందికి పడిపోయినవారిని తలంచుకొని, తలక్రిందులుగా పడుచున్న స్త్రీ కంచు శిల్పము పెట్టగా, చూచినవారు తట్టుకొనలేకపోయారు. వారము తిరుగకముందే దానిని తీసివేశారు. శిల్పి అబద్ధము చెప్పలేదు, అది జరిగినదే. నిజమును దాచరాదని వాదించేవారు ఉన్నారు, వారి వాదములో బలము కూడ ఉన్నది. కాని ఆమె తల్లి ఆ దారిని పోవలసి వస్తే? మృతురాలి చివరి క్షణము ఆమెది, అందరికిని చూపుటకు అది మనది కాదు. ఆ శిల్పమును తీసివేయుటయే మంచిదైనదని మా అభిప్రాయము.

మరి క్షమాపణ సంగతి ఏమి? పేర్లు చెక్కి పెట్టుకుంటే పగ ఆరదు కదా అని కొందరు విశ్వాసులు అడుగుదురు. మన దారిలోనే దీనికి జవాబు ఉన్నది. చెన్నైకి పోవు బస్సులు అత్తిబెలె సరిహద్దు దాటి హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా శ్రీపెరుంబుదూరు చేరతాయి. 1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీ అక్కడ మానవబాంబుకు బలియైనారు. 2003లో ఆవిష్కరించిన స్మారకములో ఆ చోటు చుట్టూ ఏడు స్తంభములు నిలిచియున్నవి. స్మారకము ఉండగానే, 2008లో ఆయన కుమార్తె ప్రియాంక వేలూరు జైలుకు పోయి, ఆ కేసులో శిక్షపడిన నళినిని కలిసికొని మాటలాడినారు. రాయి ఆమెకు అడ్డము రాలేదు.

కాని ఆ రాత్రి ఆయన ఒక్కరే చనిపోలేదు. బందోబస్తుకు వచ్చిన పోలీసులు, పార్టీ కార్యకర్తలు, ఒక తల్లి, ఆమె చిన్న కూతురు, ఇట్లు ఇంకా పదిమందికి పైగా పోయారు. శ్రీపెరుంబుదూరు అనగానే మనలో ఎందరికి వారు గుర్తుకు వస్తారు? 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులో మిగిలిన ఆరుగురిని విడుదల చేసినప్పుడు, ఆ రాత్రి గాయపడినవారిలో కొందరు, మమ్మును ఎవరు అడిగారు అన్నారు. అది పగ అని త్రోసివేయరాదు. ఒక కుటుంబము క్షమిస్తే అది ఆ కుటుంబము చేసిన క్షమాపణ. ప్రక్క ఇంటివారి బదులు ఎవరును క్షమింపలేరు. స్మారకము మీద అందరి పేర్లు ఉండవలెనని మేము పట్టుబట్టుటకు ఇది ఒక కారణము. పేరు ఉన్నచోట, దాని తరపున క్షమించుటకో క్షమింపకపోవుటకో హక్కు గలవారు ఎక్కడో ఉన్నారని చదివినవానికి తెలుస్తుంది. హంతకుల పేర్లు, వారి మతము, వారి దేశము ఆ రాతి మీద అక్కరలేదు. అవి న్యాయస్థానపు కాగితములలో ఉంటాయి, అక్కడనే ఉండనివ్వండి.

రాతికి వయస్సు ఉంటుంది, పగుళ్లు ఉంటాయి. హుస్సేనుసాగరు కట్టమీద తెలుగు మహనీయుల విగ్రహములు ఎంత ఘనముగా నిలిపారో మనకు జ్ఞాపకమే. 2011 మార్చి 10న ఒక్క సాయంకాలములో వాటిలో కొన్ని నీళ్లలో పడినవి. యెహోషువ 12 రాళ్లు నిలిపినప్పుడు రాళ్లను నమ్ముకొనలేదు, మీ పిల్లలు అడుగుదురు, మీరు చెప్పవలెను అన్నాడు. అడిగే పిల్లవాడు, చెప్పే తండ్రి లేకపోతే గిల్గాలు రాళ్లు కూడ పొలములో అడ్డమువచ్చే రాళ్లే. మన వీరగల్లులకు జరిగినదే వాటికిని జరుగును.

కనుక యౌవనస్థులు అడిగినదానికి మా జవాబు ఇది. చందా ఇవ్వవచ్చును. ఇచ్చేముందు మూడు సంగతులు అడగండి: బాధిత కుటుంబములవారిని సంప్రదించారా, అందరి పేర్లు ఉంటాయా, ప్రారంభోత్సవము చేయు నాయకుని పేరు మృతుల పేర్లకంటె పెద్ద అక్షరములలో ఉండునా. మూడవదాని దగ్గరనే చాలామంది నీళ్లు నములుతారు. ఇంకొకటి, పహల్గాము దూరము గాని బాణసంచా దుకాణము కాలిన చోటు మనకు నడక దూరము. వచ్చే అక్టోబరు 7వ తేదీకి దగ్గరి ఆదివారము ఆరాధనలో ఆ కుర్రవాండ్ల పేర్లు చదవవలెనని మేము పెద్దల కమిటీకి వ్రాసి ఇచ్చినాము. పేర్లు తమిళములో ఉన్నవి, సరిగా పలుకుటకు హోసూరు సహోదరులు ఒకరు సహాయము చేయుదుమన్నారు. ఆజ్ఞను గూర్చి మాతో ఏకీభవింపని పెద్దలు తమ మాటను వచ్చే సంచికకు వ్రాసి పంపగోరుచున్నాము.